సాక్షి నోటినే మూసే గాయం

1980 ఫిబ్రవరి. సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో అడుగుపెట్టి నెల దాటింది. మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించవలసిందిగా అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రపంచ దేశాలపై ఒత్తిడి తెస్తున్నారు. ఆఫ్రికా దేశాలను ఒప్పించే పనికి ఆయన ఎంచుకున్న దూత దౌత్యవేత్త కాదు, ఒక బాక్సర్. అప్పటికి మహమ్మద్ అలీ భారతదేశ పర్యటనలో ఉన్నారు. ఇందిరా గాంధీ మళ్లీ అధికారంలోకి వచ్చిన తొలి వారాలవి. ఆమెను కలిసి, ఢిల్లీ, మద్రాసు నగరాల్లో ప్రదర్శన పోటీలు ఆడిన అలీ అమెరికా ప్రభుత్వ విమానంలో ఇక్కడి నుంచే టాంజానియాకు బయలుదేరారు. దారెస్సలాంలో అధ్యక్షుడు జూలియస్ నైరేరే ఆయనను కలవడానికే ఇష్టపడలేదు. ఒక దేశాధినేతతో రాజకీయం మాట్లాడటానికి బాక్సర్‌ను పంపడమేమిటన్నది అక్కడివారి అభ్యంతరం. అలీ కెన్యా, నైజీరియా, లైబీరియా, సెనెగల్ చుట్టి వచ్చారు. ఆ యాత్ర విఫలయాత్రగానే చరిత్రలో నిలిచింది.

పదమూడేళ్ల క్రితం ఇదే రాజ్యం ఇదే నోటిని శిక్షించింది. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనని అలీ నిరాకరించినప్పుడు ఆయన బాక్సింగ్ లైసెన్సు, ప్రపంచ చాంపియన్ బిరుదు రెండూ పోయాయి. అయిదేళ్ల జైలుశిక్ష పడింది. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను 8-0 తేడాతో కొట్టివేసింది. ఒకనాడు భయపడిన మాటను మరొకనాడు అరువు తెచ్చుకున్న రాజ్యానికి ఒక సంగతి పట్టలేదు. 1980 నాటికే ఆ మాట నెమ్మదిస్తోంది. తాను పంపుతున్న దూత గొంతు ఎందుకు మందగిస్తోందో ఏ అధికారీ అడిగినట్టు కనిపించదు. అడగవలసిన బాధ్యత ఎవరిదో ఆనాడు ఏ చట్టంలోనూ లేదు. ఈనాడూ చాలా దేశాల్లో లేదు.

దెబ్బల వల్ల బాక్సర్ల మెదడు చెడుతుందని వైద్యానికి తెలియక కాలం గడిచిపోలేదు. తెలిసి దాదాపు నూరేళ్లు కావస్తోంది. తెలిసినా జవాబుదారీ ఎందుకు పుట్టలేదన్నదే ఈ చరిత్రలో అసలు ప్రశ్న. దానికి సమాధానం వెతకాలంటే అమెరికాలోని న్యూజెర్సీకి, 1928కి వెళ్లాలి.

ఒకే వైద్యుడు, రెండు జబ్బులు

హారిసన్ మార్ట్‌లాండ్ న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీలో శవపరీక్షల ప్రధానాధికారి. ఆ కౌంటీలోనే ఆరెంజ్ అనే పట్టణంలో గడియారాల ముఖాలకు రేడియం రంగు పూసే కర్మాగారం ఉండేది. కుంచె మొనను పెదవులతో సన్నగా చేసుకుంటూ పనిచేసిన యువతులకు దవడ ఎముకలు కుళ్లసాగాయి. కారణం రేడియమేనని 1925లో మార్ట్‌లాండ్ ప్రకటించారు. అయిదుగురు మహిళలు కోర్టుకెక్కారు. గాయం జరిగిన రెండేళ్లలోపే దావా వేయాలన్న గడువు దాటిపోయిందని కంపెనీ వాదించింది. దేశమంతటా పత్రికలు గొంతెత్తాయి. 1928 జూన్‌లో కంపెనీ రాజీకి వచ్చింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, బతికినంతకాలం ఏటా 600 డాలర్లు, వైద్య ఖర్చులు ఇవ్వడానికి ఒప్పుకుంది. వృత్తివల్ల వచ్చే జబ్బులకు పరిహారం అన్న భావన బలపడటంలో ఆ వ్యాజ్యానిది పెద్ద పాత్ర.

అదే ఏడాది అక్టోబరు 13న అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అదే మార్ట్‌లాండ్ మరో వ్యాసం ప్రచురించారు. దాని పేరు ‘పంచ్ డ్రంక్’. గుద్దుల మత్తు ఎక్కినవాడని దాని అర్థం. తాగకుండానే తాగినవాడిలా తూలే నడక, తడబడే మాట, చేతుల వణుకు, నిదానించిన ఆలోచన, చివరికి కొందరిలో పూర్తిగా చెదిరిన మతి. బాక్సింగ్ రంగంలో చాలాకాలం నిలిచినవారిలో దాదాపు సగం మందికి ఈ స్థితి ఏదో ఒక మోతాదులో వస్తుందని ఆ రంగంలో నలిగినవారి అంచనాల ఆధారంగా ఆయన రాశారు. ఈ లక్షణాలున్న 23 మంది మాజీ బాక్సర్ల జాబితాను ఆయనకు ఇచ్చింది పోటీలు నిర్వహించే ఒక ప్రమోటరే. అంటే వైద్యుడు కనిపెట్టకముందే వ్యాపారికి విషయం తెలుసు. ప్రేక్షకులకూ తెలుసు. అలాంటివారిని వెక్కిరించడానికి మైదానం చుట్టూ రకరకాల మారుపేర్లు అప్పటికే వాడుకలో ఉండేవి.

ఒకే ఏడాది, ఒకే కౌంటీ, ఒకే వైద్యుడు. ఒక జబ్బు పరిహారానికి దారితీసింది, రెండోది వైద్య గ్రంథాలయంలో మిగిలిపోయింది. కారణాలు వెతకడం కష్టం కాదు. రేడియం కార్మికులకు ఒక యజమాని ఉన్నాడు. బాక్సర్‌కు ఎవరూ యజమాని కాదు. అతడు పోటీకో ఒప్పందంపై సంతకం చేసే స్వతంత్ర గుత్తేదారు. ఊరూరా తిరిగి ఆడిన బాక్సర్‌కు ఏ ఊరి ఏ పోటీలో తగిలిన దెబ్బ జబ్బుకు కారణమో నిరూపించడం అసాధ్యం. సంఘం లేదు. జబ్బు బయటపడేసరికి వృత్తి మాని ఏళ్లు గడిచిపోతాయి.

వీటన్నిటికంటే క్రూరమైన తేడా మరొకటి ఉంది. రేడియం సోకిన మహిళలు న్యాయస్థానంలో మాట్లాడగలిగారు. నడవలేని స్థితిలోనూ తమకు జరిగినది స్పష్టంగా చెప్పగలిగారు. బాక్సర్ గాయం ముందుగా దెబ్బతీసేవాటిలో ఒకటి మాట. ఆ తరువాత జ్ఞాపకం. అంటే ఫిర్యాదు చేయవలసిన నోరు, సాక్ష్యం చెప్పవలసిన మనసు. తన సాక్షిని తానే నోరు మూయించే గాయం ఇది. తడబడే నాలుకతో వచ్చిన మనిషిని తాగుబోతుగానో మందబుద్ధిగానో చూడటం లోకానికి తేలిక. రింగులో సంపాదించిన గాయం బయట అతడి స్వభావంగా మారిపోతుంది.

మాట ఎక్కడ చెడుతుంది

పుర్రె లోపల మెదడు ద్రవంలో తేలియాడే మెత్తని పదార్థం. గడ్డానికో చెంపకో పక్కనుంచి తగిలిన పిడిగుద్దు తలను గిర్రున తిప్పుతుంది. పుర్రె తిరిగినంత వేగంగా మెదడు తిరగలేదు. ఆ మెలికలో నాడీకణాల సన్నని తంతువులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. నాకౌట్ మాత్రమే ప్రమాదమనుకోవడం పొరపాటు. స్పృహ తప్పించని వేలాది చిన్న దెబ్బల మొత్తమే దీర్ఘకాలిక నష్టానికి మూలం. వాటిలో అత్యధిక భాగం ఏ స్కోరుకార్డుకూ ఎక్కని సాధన పోటీల్లోనే తగులుతాయి.

ఒక్క మాట పలకడానికి ఊపిరి, స్వరపేటిక, నాలుక, పెదవులు, దవడ క్షణంలో స్వల్ప భాగం తేడా లేకుండా కలిసి కదలాలి. ఆ లయను కాపాడేది చిన్నమెదడు. కదలికకు చురుకునిచ్చే రసాయనాన్ని తయారుచేసేవి మెదడు అడుగున ఉండే నల్లని కణాల సముదాయం. లండన్‌లో కోర్సెల్లిస్, ఆయన సహచరులు 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్లను పరిశీలించి 1973లో వెలువరించిన నివేదిక ఈ రెండు చోట్లా విధ్వంసాన్ని చూపింది. చిన్నమెదడులో మచ్చలు, నల్లని కణాల క్షయం, జ్ఞాపకానికి సంబంధించిన భాగాల్లో చిక్కులు పడ్డ నాడీతంతువులు, రెండు అర్ధభాగాల నడుమ ఉండే పలుచని పొరలో చిరుగులు కనిపించాయి. ఆ మనుషులు ఎలా బతికారో, ఎప్పటినుంచి మాట ముద్దగా మారిందో వైద్యులకు చెప్పింది భార్యలు, బంధువులు. సాక్ష్యం అప్పటికే ఇంటి ఆడవాళ్ల చేతికి మారింది.

పార్లమెంటుకు చేరిన వాదన

బ్రిటన్‌లో ఈ ప్రశ్నను రాజకీయ వేదికపైకి తెచ్చినవారు ఎడిత్ సమ్మర్‌స్కిల్. ఆమె వైద్యురాలు, లేబర్ పార్టీ నాయకురాలు. వృత్తి బాక్సింగ్‌ను నిషేధించాలని 1960లో కామన్స్ సభలో, 1962లో లార్డ్స్ సభలో ప్రయత్నించారు. రెండుచోట్లా ఓటమే, రెండోసారి తేడా కొద్ది ఓట్లు మాత్రమే. ఎదురువాదన అంత తేలికైనదేమీ కాదు. తన దేహంతో ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు వయోజనుడిది అన్నారు. పేదవాడల కుర్రవాడికి పైకి ఎక్కే నిచ్చెన ఇదొక్కటే అన్నారు. నిషేధిస్తే వైద్యుడు లేని చీకటి గదుల్లోకి ఆట పారిపోతుందన్నారు. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే నిచ్చెన ఎక్కినవాడు దిగేటప్పుడు ఏ స్థితిలో ఉంటాడన్న ప్రశ్నకు ఆ మూడింటిలో ఏదీ జవాబు కాదు.

ఆ జవాబు 1969లో వచ్చింది. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తరఫున ఎ.హెచ్. రాబర్ట్స్ చేసిన అధ్యయనం ఈ రంగంలో మైలురాయి. 1929 నుంచి 1955 వరకు బ్రిటన్‌లో లైసెన్సు పొందిన 16,781 మంది వృత్తి బాక్సర్ల నుంచి యాదృచ్ఛికంగా 250 మందిని ఎంచుకున్నారు. వారిలో 224 మందిని పరీక్షించారు. 37 మందిలో, అంటే దాదాపు 17 శాతంలో, బాక్సింగ్ వల్ల కలిగిన నాడీమండల నష్టం స్పష్టంగా కనిపించింది. ఎంత ఎక్కువకాలం ఆడితే, ఎన్ని ఎక్కువ పోటీలు ఆడితే అంత ఎక్కువ నష్టం. ఆస్పత్రికి వచ్చిన రోగులను లెక్కించిన అధ్యయనం కాదు ఇది, లైసెన్సుల రిజిస్టరు నుంచి తీసిన నమూనా. ప్రభుత్వం గానీ క్రీడాసంస్థ గానీ తలచుకుంటే ఈ గాయాన్ని లెక్కించడం సాధ్యమేనని అది నిరూపించింది. అలాంటి లెక్క తరువాత ఏ దేశంలోనూ నిత్యకృత్యం కాలేదు.

తెలిసీ ఇచ్చిన లైసెన్సు

అలీ కథలోని విషాదం ఇక్కడే. 1980 జూలైలో, ఆఫ్రికా యాత్ర ముగిసిన కొద్ది నెలలకు, ఆయన మళ్లీ రింగులోకి దిగే ముందు మేయో క్లినిక్ వైద్యులు పరీక్షించారు. నిద్రలేచినప్పుడు చేతుల్లో తిమ్మిరి. ఒంటికాలిపై గెంతడంలో చురుకు తగ్గింది. వేలితో ముక్కు తాకడంలో స్వల్పంగా గురి తప్పింది. మెదడు నడిమి పొర దగ్గర ఖాళీ కనిపించింది. అది పుట్టుకతోనే ఉండవచ్చునన్నారు. ఆడకూడదని చెప్పేంత ప్రత్యేక కారణమేదీ లేదని ముగించారు. ఆ నివేదిక నెవాడా బాక్సింగ్ అధికారులకు చేరింది. లైసెన్సు వచ్చింది. 1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ చేతిలో అలీ పది రౌండ్లు నిస్సహాయంగా దెబ్బలు తిన్నారు. చివరికి శిక్షకుడు ఏంజెలో డండీ పోటీ ఆపించారు. మరుసటి ఏడాది డిసెంబరులో ట్రెవర్ బెర్బిక్‌తో ఆయన ఆడిన ఆఖరి పోటీ అమెరికాలో కాదు, బహామాస్‌లో జరిగింది. ఒకచోట తలుపు మూస్తే మరొకచోట తెరుచుకుంటుంది.

అలీ మాట ఎప్పుడు మందగించిందో ఈనాడు అంకెల్లో చెప్పగలుగుతున్నాం. అందుకు కారణం ఆయన నోటి నుంచి వెలువడిన ప్రతి మాటనూ టెలివిజన్ భద్రపరచడమే. ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, జీవితచరిత్రకారుడు జొనాథన్ ఐగ్ కలిసి ఆ ఇంటర్వ్యూలను విశ్లేషించి 2017లో ఫలితాలు ప్రకటించారు. 26వ ఏటికీ 39వ ఏటికీ మధ్య ఆయన మాట వేగం 26 శాతం తగ్గింది. ఆరోగ్యవంతులలో ఆ వయసులో ఇలాంటి తగ్గుదల ఉండదు. 1977 సెప్టెంబరులో ఎర్నీ షేవర్స్‌తో జరిగిన పోటీకి ముందు సెకనుకు 3.7 అక్షరాలు పలికిన వ్యక్తి పోటీ తరువాత 3.1కి పడిపోయారు. ఆ పోటీ తరువాతే వైద్యుడు ఫెర్డీ పచేకో ఆయన బృందం నుంచి తప్పుకున్నారు. తరువాత కూడా అలీ మరో నాలుగు పోటీలు ఆడారు.

1984లో న్యూయార్క్ వైద్యులు ఆయనకు పార్కిన్సన్ లక్షణ సముదాయం ఉందని తేల్చారు. దానికి బాక్సింగే కారణమా, లేక దెబ్బలతో నిమిత్తం లేకుండా వచ్చే పార్కిన్సన్ వ్యాధేనా అన్నదానిపై నాడీవైద్యుల్లో ఇప్పటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ వాదం తేలకపోయినా ఒక సంగతి మారదు. లక్షణాలు కనబడుతుండగానే, మూడు నాలుగేళ్లపాటు, ప్రతి అంచెలోనూ ఎవరో ఒకరు సంతకం పెడుతూనే ఉన్నారు.

అలీకి ప్రపంచం సాక్షిగా ఉంది. జెర్రీ క్వారీకి అంతటి సాక్షి లేడు. నిషేధం తరువాత 1970 అక్టోబరులో అలీ తొలిసారి తలపడింది ఆయనతోనే. 1983లో ఒక క్రీడాపత్రిక చేయించిన పరీక్షల్లో క్వారీ మెదడుకు హాని జరిగినట్టు బయటపడింది. అయినా 1992లో, 47 ఏళ్ల వయసులో, బాక్సింగ్ కమిషనే లేని కొలరాడో రాష్ట్రంలో ఆయన మరో పోటీ ఆడారు. ప్రతిఫలం 1,050 డాలర్లు. కొద్ది సంవత్సరాలకే సొంతంగా బట్టలు వేసుకోలేని, అన్నం తినలేని స్థితికి చేరి 1999లో 53వ ఏట మరణించారు. బాక్సరే అయిన ఆయన తమ్ముడు మైక్ కూడా అదే జబ్బుతో 2006లో కన్నుమూశారు.

చట్టాలు చూసినది, చూడనిది

1982 నవంబరులో లాస్ వేగాస్ పోటీలో దెబ్బతిని దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ మరణించాక ప్రపంచ టైటిల్ పోటీల రౌండ్లు 15 నుంచి 12కు తగ్గుతూ వచ్చాయి. 1983 జనవరిలో, మార్ట్‌లాండ్ వ్యాసం అచ్చయిన అదే వైద్య పత్రిక, నాగరిక దేశాలు బాక్సింగ్‌ను నిషేధించాలని సంపాదకీయం రాసింది. స్వీడన్ 1970లోనూ, నార్వే 1981లోనూ వృత్తి బాక్సింగ్‌ను నిషేధించి, దశాబ్దాల తరువాత సడలించాయి. 1984 ఒలింపిక్స్‌తో తప్పనిసరైన శిరస్త్రాణం పురుషుల విభాగంలో 2016 రియో నాటికి మాయమైంది. అది కనుబొమల కోతలను ఆపుతుంది, తల తిరిగే వేగాన్ని ఆపదు.

2000 సంవత్సరంలో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టానికి అలీ పేరే పెట్టారు. ప్రమోటర్ల దోపిడీ ఒప్పందాల నుంచి బాక్సర్‌ను కాపాడటం దాని ప్రధాన లక్ష్యం. ఆ పేరు గల చట్టం బాక్సర్ జేబును చూసింది, రిటైరైన తరువాత అతడి మెదడును చూడలేదు. ఇదే గాయానికి గురైన అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారులు వేల సంఖ్యలో కోర్టుకెక్కి 2015లో తమ లీగ్ నుంచి భారీ పరిహారానికి ఆమోదం సాధించగలిగారు. వారికి దావా వేయడానికి ఒక లీగ్ ఉంది. బాక్సర్‌కు ఎదురుగా నిలబెట్టడానికి ఎవరూ లేరు. న్యూజెర్సీ పాఠం మళ్లీ అదే.

యజమాని ఉన్న దేశం

భారతదేశం ఇక్కడే భిన్నమైనది. మన బాక్సర్లలో అత్యధికులు ప్రైవేటు ప్రమోటర్ల కింద లేరు. సైన్యం, రైల్వేలు, పోలీసు శాఖల్లో క్రీడాకోటా ఉద్యోగులుగా ఉన్నారు. సైన్యం తన బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీల్లోకి పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఎంపిక చేసుకుంటుంది. నిజామాబాద్ నుంచి వచ్చి 2022, 2023 సంవత్సరాల్లో ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన నిఖత్ జరీన్‌కు తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ పదవి ఇచ్చింది. ఆ గౌరవం సముచితమైనది. దానిలో ఇంకొక అర్థం కూడా ఉంది. రేడియం కార్మికులకు ఉండి బాక్సర్లకు లేని యజమాని భారతదేశంలో ఉన్నాడు. ఆ యజమాని ప్రభుత్వమే.

అలాంటి యజమాని ఏం చేస్తున్నాడో కౌర్ సింగ్ జీవితం చెబుతుంది. 1980 జనవరిలో ఢిల్లీలో అలీతో ప్రదర్శన పోటీ ఆడిన సైనికుడు ఆయన. 1982 ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణం, అర్జున పురస్కారం, పద్మశ్రీ ఆయన ఖాతాలో ఉన్నాయి. వృద్ధాప్యంలో గుండెజబ్బు చికిత్సకు వడ్డీకి అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ సంగతి వార్తలకెక్కాకే సైన్యం, కేంద్ర ప్రభుత్వం సాయం పంపాయి. 2023లో ఆయన మరణించారు. కంటికి కనిపించే, పేరున్న జబ్బుకే ఇంత ఆలస్యమైతే, మాట మందగించడం అనే పేరులేని జబ్బును ఎవరు పట్టించుకుంటారు?

సీసం, ఆస్బెస్టాస్, సిలికా ధూళి వంటివి తెచ్చే రోగాలకు మన కార్మిక చట్టాల మూడో షెడ్యూలులో చోటుంది. 1923 నాటి పరిహార చట్టం నుంచి 2020 సామాజిక భద్రత కోడ్ వరకు ఆ జాబితా కొనసాగుతోంది. తలపై దెబ్బలు తినడమే ఉద్యోగ ధర్మమైనవారి జబ్బు అందులో లేదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో రౌండ్లు తక్కువ, రిఫరీ జోక్యం త్వరగా ఉంటుంది, కాబట్టి ముప్పు తక్కువని వాదించవచ్చు. దీర్ఘకాలిక నష్టానికి అక్కడ బలమైన ఆధారాలు లేవని 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష కూడా చెప్పింది. అయితే అందుబాటులో ఉన్న అధ్యయనాల నాణ్యతే తక్కువని అదే సమీక్ష ఒప్పుకుంది. లెక్కించనిది లేనట్టు కాదు.

నిషేధమా, స్వేచ్ఛా అన్న పాత తగవులో పడి దేశాలు చిన్న పనిని విస్మరించాయి. ఉద్యోగం ఇచ్చిన శాఖ బాక్సర్ చేరిన రోజున ఒకసారి, ప్రతి ఏడాది ఒకసారి, ఆట మానిన ఇరవై ఏళ్లవరకూ అతడి నడక, జ్ఞాపకం, మాట పరీక్షించి రిజిస్టరులో రాయవచ్చు. సాధన పోటీల లెక్క ఉంచవచ్చు. జబ్బు బయటపడినప్పుడు గడువు దాటిందన్న సాకు చెల్లకుండా చట్టం రాయవచ్చు. దీనికి ఖరీదైన యంత్రాలు కూడా అక్కరలేదు. పతకం గెలిచిన ప్రతి బాక్సర్ ముందూ ఈ దేశం మైకు పెడుతుంది. ఆ గొంతు ఇరవైల్లో ఎలా ఉందో, నలభైల్లో ఎలా మారిందో చెప్పే సాక్ష్యం ప్రసార సంస్థల భాండాగారాల్లో ఇప్పటికే ఉంది. బాక్సర్ తన తరఫున మాట్లాడలేని రోజున అతడి పాత మాటే సాక్ష్యం చెప్పగలదు. దాన్ని వినవలసిన అధికారి ఎవరో మాత్రం ఇంకా నియమించలేదు.